విమానం కాగితాల సంచి: చిక్‌పేట కుట్టు, 1,650 రూపాయలు

సంచులకు రివ్యూ రాసేవాళ్లు జిప్పు ఎలా ఉంది, జేబులెన్ని, వానకు తడిసిందా లేదా అని రాస్తారు. ఎస్సై ముందు నిలబడి తెరిస్తే ఎలా పనిచేసిందో ఎవరూ రాయరు. నా సంచికి ఆ పరీక్ష పది నెలల్లో రెండుసార్లు పడింది. మొదటిసారి తప్పింది, రెండోసారి గట్టెక్కింది. అయిదుకి మూడున్నర ఇస్తున్నా.

నాది హిందూపురం. బెంగళూరు పీణ్యాలో చిన్న మెషిన్ షాపు ఉంది, పంపులకీ వాల్వులకీ బుష్షులూ షాఫ్టులూ లేతు మీద తిప్పి చేస్తాం. నలుగురం వాటాలేసుకుని కొన్న పాత సెస్నా 172 ఒకటి జక్కూరులో ఉంటుంది. సొంత విమానమా అని నోరెళ్లబెట్టకండి. నా వాటాకు పోసిన డబ్బుతో ఎలహంకలో సింగిల్ బెడ్‌రూం ఫ్లాటు కూడా రాదు. నాలుగు సీట్లు, ఒకటే ఇంజను, ముప్పయ్యేళ్లు దాటిన ఒళ్లు. మా ఆవిడ దాన్ని ఎగిరే అంబాసిడర్ అంటుంది. నాకున్నది ప్రైవేటు పైలట్ లైసెన్సు. సరదాకి ఎగరొచ్చు, డబ్బులు తీసుకుని ఎవర్నీ ఎక్కించుకోకూడదు.

ఎగరడం కంటే కాగితాలు మోయడం పెద్ద పని. విమానం రిజిస్ట్రేషన్, అది ఎగరడానికి పనికొస్తుందని చెప్పే ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్ ఇంకా బతికే ఉందని చెప్పే రివ్యూ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, రేడియో పెట్టుకున్నందుకు లైసెన్సు, ఎంత మోత చేస్తుందో చెప్పే నాయిస్ సర్టిఫికెట్, బరువుల పట్టీ, ఫ్లైట్ మాన్యువల్, జర్నీ లాగ్‌బుక్కు. ఇవన్నీ దానివి. నావి వేరే: పైలట్ లైసెన్సు, ఒంట్లో బాగుందని చెప్పే మెడికల్ సర్టిఫికెట్, రేడియోలో మాట్లాడ్డానికి ఇంకో లైసెన్సు. ఏమేం వెంట ఉండాలో మన విమానయానాన్ని అదుపుచేసే డీజీసీఏ నిబంధనల్లో పెద్ద పట్టీ ఉంది. దాని మూలం 1944లో షికాగోలో యాభైకి పైగా దేశాలవాళ్లు కూర్చుని రాసుకున్న ఒప్పందంలో 29వ ఆర్టికల్. అంటే నా సంచిలో సగం బరువు రెండో ప్రపంచ యుద్ధం ముగియకముందే ఖాయమైపోయింది. అదే ఒప్పందంలో 16వ ఆర్టికల్ ఇంకోటి చెప్తుంది: పరాయి దేశపు విమానం దిగితే సోదా చేసి, ఈ కాగితాలు చూసే హక్కు అక్కడి అధికారులకు ఉంది, కాకపోతే అకారణంగా ఆలస్యం చేయకూడదు. ఈ చివరి ముక్క నాకు భలే ఇష్టం. మాది స్వదేశీ విమానం కాబట్టి అది మాకు వర్తించదు.

మొదట్లో ఇవన్నీ ఒక ప్లాస్టిక్ బటన్ ఫైల్లో వేసుకుని తిరిగేవాణ్ణి. రెండేళ్ల కిందట ఒక చిన్న ఏర్‌స్ట్రిప్‌లో, ఊరి పేరెందుకులెండి, దిగి ఇంజను ఆపానో లేదో ఒక కానిస్టేబుల్ మోపెడ్ మీద వచ్చేశాడు. "డాక్యుమెంట్స్ తోరిసి" అన్నాడు, చూపించమని. ఫైలు బటన్ లాగాను. చిన్న రన్‌వేల దగ్గర గాలికి అడ్డం ఏదీ ఉండదు, ఉండకూడదు కూడా. పైనున్న నాయిస్ సర్టిఫికెట్ లేచి పక్కనున్న రాగి చేలోకి పోయింది. దాని వెనక నేనూ, నా వెనక ఆయనా. పట్టుకున్నది ఆయనే. పట్టుకున్నాక అందులో ఏముందో చూడలేదు, దుమ్ము దులిపి నా చేతికిచ్చి, "జాగ్రతె సార్" అని వెళ్లిపోయాడు. తనిఖీ అయిపోయింది. మిగతా కాగితాలు అడగనే లేదు.

ఆ రాత్రి డాలస్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేసి చెప్తే పడీపడీ నవ్వాడు. వాడికీ అక్కడ ప్రైవేటు లైసెన్సుంది. అమెరికాలో ఫెడరల్ నిబంధన 61.3 ప్రకారం లైసెన్సు, మెడికల్, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వాళ్లు అడిగితేనే కాదు, ఊరి పోలీసు అడిగినా చూపించాలట. 2013 ప్రాంతంలో అయితే దేశం దాటని చిన్న విమానాలను కూడా సరిహద్దు పోలీసులు ఆపి సోదా చేస్తున్నారని అక్కడి పైలట్ల సంఘం ఏఓపీఏ గట్టిగానే గొడవపడింది. "అందుకే ఇక్కడ మాకు మొదట్నుంచీ ఒకటే నూరిపోస్తారు బావా, చూపించు, అప్పగించకు. చేతికిచ్చేస్తే లైసెన్సు వదులుకున్నట్టు లెక్క కడతారేమోనని భయం. నువ్వు కూడా అద్దం లాంటి జేబులున్న సంచి కుట్టించుకో, బయటికి తియ్యకుండానే చూపించెయ్" అన్నాడు.

సలహా బాగానే అనిపించింది. ఆన్‌లైన్‌లో దొరికే పైలట్ బ్యాగులు చూశాను. ఎనిమిది వేల నుంచి మొదలు. హెడ్‌సెట్టుకి జేబు, టార్చికి జేబు, నీళ్ల సీసాకి జేబు, కాగితాలకి మాత్రం వెనకెక్కడో ఒక సందు. సరే, కుట్టించుకుందామని చిక్‌పేట మెట్రోలో దిగాను.

అవెన్యూ రోడ్డు వైపు నడిస్తే కుడి పక్క సందులో, మెట్ల కింద కొట్టు. బోర్డు లేదు. గోడకి మేకులు, మేకులకి సంచులు. కుట్టే భాయ్‌ది ఆదోని. మెడికల్ రెప్పుల బ్యాగులూ చీటీల వసూలు సంచులూ ఎక్కువ కుడతాడు. వెళ్లి విషయం చెప్పాను.

"ఏం పెట్టుకుంటారు సారూ?"

"విమానం కాగితాలు."

తలెత్తలేదు. "ఎన్ని?"

"పన్నెండు, పదమూడు."

"ఎవరికి చూపించాల?"

"పోలీసులకి."

అప్పుడెత్తాడు తల. "పోలీసోళ్లకైతే నాలుగే సారూ. ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషను."

"విమానానికి పొల్యూషన్ ఉండదు భాయ్."

"ఉండకపోతే అడగరా?"

నాకు జవాబు దొరకలేదు. నేను కాగితం మీద గీసుకుపోయిన డ్రాయింగ్ చూసి, దాన్ని మడిచి మెషిన్ కింద పెట్టుకుని, మేకు మీంచి ఒక చీటీల సంచి దించాడు. పాస్‌బుక్కులకో అర, రశీదు పుస్తకానికో అర, చిల్లరకి జిప్పు, కార్బన్ పేపరుకి పల్చటి జేబు. వసూలుకి పోయేవాడు గుమ్మంలో నిలబడి ఒంటి చేత్తో తెరవాలి, ఇంకో చేత్తో రాయాలి, ఏదీ కింద పడకూడదు. నా బాధ సరిగ్గా అదే. మెషిన్ షాపులో ముప్పయ్యేళ్లుగా కస్టమర్ల డ్రాయింగుల్లో తప్పులు పడుతున్నవాణ్ణి, నా డ్రాయింగులో తప్పు ఆదోని భాయ్ అరనిమిషంలో పట్టాడు. నేను గీసింది కాగితాల కొలతలు చూసి. ఆయన అడిగింది వాటిని ఎవరు చూస్తారని.

నాలుగు రోజులన్నాడు, తొమ్మిది రోజులు పట్టింది. అడ్వాన్సు అయిదొందలు, మొత్తం 1,650.

ఇక వస్తువు సంగతి. బయట నల్ల మ్యాటీ గుడ్డ, లోపల పల్చటి ఫోమ్, అంచులకి రెక్సిన్ పైపింగ్. 13 అంగుళాల పొడవు, 10 వెడల్పు. చుట్టూ మూడు వైపులా 8వ నంబరు జిప్పు, రెండు రన్నర్లు. తెరిస్తే పుస్తకంలా పరుచుకుంటుంది, తొడ మీద పెట్టుకుంటే జారదు. ఎడమ రెక్కకి నా కాగితాల అద్దాల జేబులు మూడు, కుడి రెక్కకి విమానం కాగితాల అద్దాలు నాలుగు, మధ్యలో లాగ్‌బుక్కుకి, లావు పుస్తకం పట్టేలా పక్కల మడత గుడ్డ (గుస్సెట్) వేసిన అర. స్టీలు స్కేలు పెట్టి లెక్కపెట్టాను, వేరే పనిలేక కాదు, అలవాటు: అంగుళానికి ఏడు కుట్లు, ఆ మూల నుంచి ఈ మూలకి ఎక్కడా ఆరు కాలేదు, ఎనిమిది కాలేదు. మూలల్లో వెనక్కీ ముందుకీ మూడుసార్లు తిప్పి కుట్టాడు. మా షాపులో కంప్యూటర్ (సీఎన్‌సీ) మెషిన్లు నడిపే కుర్రాళ్లకి చూపించాలనిపించింది.

కుడి రెక్క మీద అద్దాల కింద ఒక గుడ్డ జేబు ఎక్కువ ఉంది. నేను అడగలేదు.

"ఇదేంటి భాయ్?"

"పొల్యూషన్‌కి. ఖాళీగా ఉండనీ సారూ, అన్నం తినదు కదా."

వాదన ఎందుకని నాయిస్ సర్టిఫికెట్‌ని అందులో దోపాను. మోత కూడా ఒకరకం పొల్యూషనే.

మొదటి లోపం మొదటి రోజే బయటపడింది. పైన మూతకి అయస్కాంతం బటన్ పెట్టాడు, చీటీల సంచులకి పెట్టేదే. హ్యాంగరు ముందు విమానం ముక్కు సరిగ్గా తూర్పుకుంది. సంచిని విమానం ముందు అద్దం కింద గట్టు మీద పెట్టి సీటు సర్దుకుని తలెత్తితే కంపాస్ ఈశాన్యం చూపిస్తోంది. ఈశాన్యం శుభమే, కానీ ఇది స్థలం కాదు కదా. సంచి తీస్తే తూర్పు, పెడితే ఈశాన్యం. నాలుగుసార్లు పెట్టీ తీసీ చూశాను, పక్కనున్న మెకానిక్కు నన్ను అనుమానంగా చూశాడు. అదే గాల్లో, మబ్బు కమ్మినప్పుడు, చూసుకోకుండా జరిగుంటే నవ్వొచ్చేది కాదు. భాయ్ ఆ బటన్ పీకి టిచ్ బటన్ వేశాడు. డబ్బులు తీసుకోలేదు. "మీ విమానం ఇంత చిన్నదానికి దారి తప్పుతుందా" అని మాత్రం అన్నాడు.

అసలు పరీక్ష ఏప్రిల్‌లో. నేనూ మా పార్ట్‌నరూ ఒక స్నేహితుడి గృహప్రవేశానికని ఇంకో చిన్న ఏర్‌స్ట్రిప్‌కి వెళ్లాం, ముందే అనుమతి తీసుకునే. విమానాన్ని ఎండలో కట్టేసి, సంచి సీటు మీదే వదిలేసి పోయాం. అది నా తప్పే. భోజనాలయ్యి మూడు గంటల తర్వాత వస్తే రెక్క నీడలో ఎస్సైగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒకతని చేతిలో రిజిస్టరు. చెక్‌పోస్టు రిజిస్టరు అది. బండి నంబరు, డ్రైవరు పేరు, ఎక్కణ్ణించి, ఎక్కడికి, లోడు. తోక మీదున్న, వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఒక్కో అక్షరం చూసి బండి నంబరు గడిలో రాశాడు. నా పేరు డ్రైవరు గడిలో పడింది. లోడు దగ్గర ఆగి నన్ను చూశాడు. గృహప్రవేశంలో ఇచ్చిన స్టీలు డబ్బా ఉంది చేతిలో. "ఇల్ల" అని, అంటే లేదని, రాసుకున్నాడు.

లైసెన్సు అడిగారు. 2025 ఫిబ్రవరిలో మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడుగారు కేంద్ర విమానయాన మంత్రిగా పైలట్లకి ఫోన్‌లో చూపించే ఎలక్ట్రానిక్ లైసెన్సు మొదలుపెట్టారు, చైనా తర్వాత ప్రపంచంలో రెండో దేశం మనదేనని పేపర్లు రాశాయి. దర్జాగా ఫోన్ తీశాను. దారి పొడుగునా మ్యాపు చూపించి, కిటికీ ఎండలో కాగి ఉన్న ఫోను, వేడెక్కిందని ఒక బొమ్మ చూపించి నల్లగా అయిపోయింది. సరే, సంచి తెరిచాను. బావమరిది చెప్పినట్టు అద్దంలోంచి చూపించాను.

ఎస్సైగారు ఒక్కక్షణం చూసి, "తెగీరి" అన్నారు. బయటికి తియ్యమని.

ఇక్కడే డాలస్‌కీ మనకీ తేడా. మన దగ్గర కాగితం అంటే చేతిలోకి రావాలి. వేళ్లతో మందం చూడాలి, తిప్పి వెనక ముద్ర ఉందా చూడాలి, ఎండకెత్తి నీటిగుర్తు వెతకాలి. అద్దం వెనకున్నది కాగితం కాదు, ఫొటో. నేను అద్దాలు కుట్టించుకున్నది ఎవరో ఇంకో దేశపు పోలీసు కోసం.

లైసెన్సు తేలిగ్గానే వచ్చింది. మెడికల్ వచ్చింది. ఇన్సూరెన్సు రాలేదు. అది ఆఫీసులో లేజర్ ప్రింటరు మీద తీసిన ప్రింటు. లాగితే చర్రుమని చప్పుడు, అరటాకు మీంచి అతుక్కున్న హల్వా లేచినట్టు లేచింది. కాగితం చేతికొచ్చింది, అక్షరాలు సగం ప్లాస్టిక్‌కే ఉండిపోయాయి. కాగితం మీద తెల్లటి బోడి మచ్చలు. గడువు తేదీ ఉండాల్సిన చోట ఒక సున్నా, ఒక గీత మిగిలాయి. తేదీ మొత్తం అద్దం మీద ఉంది, తిరగేసి, అచ్చు దిమ్మె మీద ఉన్నట్టు.

ఎస్సైగారు కాగితం ఎండకెత్తారు. తర్వాత సంచి ఎత్తారు. "ఇదేను సార్? డూప్లికేటా?"

పార్ట్‌నరు ప్లాస్టిక్ మీదున్న తేదీని తిరగేసి చదివి వినిపించబోయాడు. ఆగమని సైగ చేశాను. అంతకంటే అనుమానం పెంచే పని ఇంకోటుండదు.

తర్వాత పర్మిషన్ లెటర్ అన్నారు. మాకు చెన్నైలోని విమాన సమాచార కేంద్రం నుంచి ఎఫ్ఐసీ నంబరూ, వాయుసేన నుంచి గగన రక్షణ అనుమతి, అంటే ఏడీసీ నంబరూ వస్తాయి, ఆ రెండూ లేకుండా కదలకూడదు. కానీ అవి నంబర్లే. ఫోన్‌లో చెప్తారు, మనం మోకాలి ప్యాడ్ మీద పెన్సిల్‌తో రాసుకుంటాం. దేశ రక్షణకి సంబంధించిన అనుమతి పెన్సిల్‌తో రాసుంటుందంటే ఏ ఎస్సై నమ్ముతాడు? నేనైనా నమ్మను. పై అధికారికి ఫోన్ చేస్తానని ఆయన కాస్త దూరం వెళ్లారు. ఇన్సూరెన్సు పీడీఎఫ్ కోసం మా పార్ట్‌నరు సిగ్నల్ వెతుక్కుంటూ కాంపౌండ్ గోడెక్కాడు.

ఒక గంటా పది నిమిషాలు. ఆ లోపల రిజిస్టరు కానిస్టేబుల్‌ది పావగడ పక్కన ఊరని, తెలుగువాడేనని తేలింది. "ఏమనుకోవద్దన్నా, రేపు ఏదన్నా అయితే ఎవుడు దిగినాడో మీకు తెల్దా అని మమ్మల్నే అడుగుతారు" అన్నాడు. కోపం తెచ్చుకోవడానికి నా దగ్గర సరుకేం లేదు. 1995 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా ఊళ్ల మీద రాత్రిపూట ఏకే-47 పెట్టెలు పారాచూట్లతో జారవిడిచిన ఆంటొనోవ్-26 విమానం, వారణాసిలో దిగి ఇంధనం నింపుకుని వెళ్లిందే. కొద్ది రోజులకి మళ్లీ మన ఆకాశంలోకి వచ్చినప్పుడు గానీ దాన్ని బొంబాయిలో దించలేదు. గోడ మీంచే మా పార్ట్‌నరు, 1987లో ఆ జర్మనీ కుర్రాడు రస్ట్ మాస్కో రెడ్ స్క్వేర్ పక్కన దించింది కూడా మన మోడలే తెలుసా అని అందుకున్నాడు. ఇంగ్లీషులో అన్నాడు, అదృష్టవశాత్తూ గాలి అటు వైపుంది.

పీడీఎఫ్ వచ్చింది. ఎస్సైగారి ఫోన్ కూడా అయింది. అంతా సరిపోయిందనుకుని సంచి మూయబోతుంటే ఆయన కుర్చీలోంచి లేస్తూ, పూర్తి చేద్దామన్నట్టు అడిగారు:

"ఎమిషన్?"

కర్ణాటకలో పొల్యూషన్ సర్టిఫికెట్‌ని అలాగే అంటారు. గుడ్డ జేబులోంచి నాయిస్ సర్టిఫికెట్ తీశాను. అది గుడ్డ జేబు కాబట్టి దేనికీ అంటుకోలేదు, ఒక్క లాగుకి వచ్చింది. ముద్ర ఉంది, సంతకం ఉంది, డెసిబెల్స్ అంకెలున్నాయి. "ఇది పొగకి కాదు సార్, శబ్దానికి" అని నిజమే చెప్పాను. తిప్పి చూశారు, వెనక కూడా చూశారు. "ఆయ్తు" అని, అంటే అయిందని, తిరిగిచ్చారు. ఆ మధ్యాహ్నం మొత్తంలో ఆయన ముఖం తేటపడింది ఆ ఒక్క కాగితానికే.

మాలాంటివాళ్లు వెలుతురుండగానే దిగాలి. బయల్దేరే టైము మారింది కాబట్టి ఫ్లైట్ ప్లాన్ సరిచేయించుకోవాలి, దానికి మళ్లీ గోడెక్కాలి. జక్కూరు చేరేసరికి బళ్లారి రోడ్డు మీద కార్ల లైట్లు వెలుగుతున్నాయి.

సంచి వెనక్కి తీసుకెళ్లాను. తప్పు సగం నాదే. అద్దాలకి వేసింది మెత్తటి పీవీసీ. మెత్తగా ఉండడానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం ఎండకి బయటికొచ్చి లేజర్ ప్రింటు నల్లపొడిని మెత్తబరుస్తుంది, అది కాగితం వదిలి ప్లాస్టిక్‌ని పట్టుకుంటుంది. మా షాపులో జాబ్ కార్డులు పీవీసీ కవర్లలో అతుక్కుపోవడం ఎన్నేళ్లుగానో చూస్తున్నా, కుట్టించేటప్పుడు బుర్రకి తట్టలేదు. పాలీప్రొపిలీన్ వెయ్యమన్నాను. సూది దిగిన చోటల్లా చీలుతుందన్నాడు భాయ్, ఒక ముక్క కుట్టి, చింపి చూపించాడు కూడా. చివరికి ఆయనే అవెన్యూ రోడ్డులో ఒక స్టేషనరీ హోల్‌సేల్ కొట్టు అటక మీద ఇరవయ్యేళ్లుగా పడున్న ఓహెచ్‌పీ షీట్ల డబ్బా పట్టుకొచ్చాడు. ప్రొజెక్టర్లకి వాడేవాళ్లే, ఆ పాలిస్టర్ షీట్లు. కొంచెం గట్టిగా ఉంటాయి, కదిలిస్తే టపటపమంటాయి, కానీ నూనె కారదు. పై అంచు కుట్టకుండా వదిలేసి, బొటనవేలు దూరేలా అర్ధచంద్రాకారంలో కోశాడు. "ఎట్లాగూ బయటికి తియ్యమంటారు కదా." రెండొందలు తీసుకున్నాడు. "సంచి తప్పు లేదు సారూ, ఎండది" అని కూడా అన్నాడు. ఒప్పుకోలేదు నేను. అర మార్కు అక్కడ పోయింది.

ఇంకో అర మార్కు పెన్ను జేబుకి. లోతు చాలదు. వంగితే పెన్ను జారిపోతుంది. కార్లో అయితే సీటు కింద వెతుక్కుంటాం, విమానంలో అది పోయి, ముక్కుని పక్కకి తిప్పడానికి కాలితో తొక్కే రడ్డర్ పెడల్ కింద ఇరుక్కుంటే బతుకే ఇరుకున పడుతుంది. నేను ఇప్పుడు పెన్నుని దారంతో కట్టేస్తున్నా, పోస్టాఫీసులో కట్టినట్టు.

రెండో తనిఖీ జనవరిలో. మా మేనమామని ఎక్కించుకుని వెళ్లాను. 74 ఏళ్లు, ఇంతవరకూ విమానం ఎక్కలేదు, ఎక్కాక కూడా కిందకి చూడకుండా మీటర్లే చూస్తూ కూర్చున్నాడు. దిగగానే ఇద్దరు పోలీసులు. సంచి తెరిచి విమానం రెక్క కింద పట్టుకున్నాను. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, బొటనవేలితో ఒక్కొక్కటీ పైకి నెట్టి చేతికిచ్చాను. చూసి ఇచ్చారు, వెనక్కి దూర్చాను. నాలుగు నిమిషాలు. ఎమిషన్ అడగలేదు. నేనే చూపించబోయి ఆగాను.

అప్పుడు, "ఇవరు యారు?" అని మామని చూపించారు.

పేరు చెప్పాను. కార్డు అడిగారు. సంచిలో నావి, విమానానివి ఉన్నాయి. ఎక్కినవాళ్లవి పెట్టుకోవడానికి జేబే లేదు. అదే 29వ ఆర్టికల్లో, ప్రయాణికులుంటే వాళ్ల పేర్లు, ఎక్కిన చోటు, దిగే చోటు రాసిన పట్టీ ఉండాలని స్పష్టంగా ఉంది. నేను దాన్ని పదిసార్లు చదివాను. విమానాన్నీ పైలట్‌నీ పట్టించుకుని, మనుషులుండే చోట కన్ను దాటించాను.

"ఆధార్ తెచ్చావా మామా?"

"ఇంట్లో ఉండాది. ఇంతోటి దానికి ఆధార్ ఎందుకనుకున్నా."

చొక్కా లోపల బనియన్ జేబులోంచి తాటాకులా మడతపడ్డ ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో ఆర్టీసీ బస్సు కన్సెషన్ కార్డు. ఫొటో ఉంది, వయసుంది. పోలీసాయన దాన్ని మామ ముఖం పక్కన పెట్టి చూసి, నంబరు రాసుకున్నాడు. మొత్తం తొమ్మిది నిమిషాలు. అందులో అయిదు సంచివి కాదు, అయినా అర మార్కు కోసేస్తున్నా, ఎందుకంటే కోయడానికి నా మార్కులు నాకెవరూ ఇవ్వలేదు.

కావాలనుకునేవాళ్లకి: ఒంటి చేత్తో తెరవడానికి ఇంతకంటే వీలైన సంచి నేను చూడలేదు. బైకు మీద ఊళ్లు తిరిగేవాళ్లకి, సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారులకి, లారీ ఓనర్లకి కూడా పనికొస్తుంది. భుజానికి తగిలించుకునే పట్టీ వద్దని చెప్పండి, దాని ఇనుప కొక్కెం తలుపు పెయింటు గీకేస్తోంది, నేను విప్పి పడేశాను. చెప్పిన తేదీకి అయిదు రోజులు కలుపుకోండి. బేరం ఆడొద్దు, ఆడితే జిప్పు నంబరు తగ్గిస్తాడు. శుక్రవారం మధ్యాహ్నం కొట్టు మూసుంటుంది.

పోయిన వారం ప్రయాణికుల జేబు వేయించడానికి వెళ్తే గోడ మేకుకి అచ్చం నా సంచిలాంటిదే వేలాడుతోంది, ఎర్ర పైపింగ్‌తో. ఎవరిదని అడిగాను. చీటీల కంపెనీవాళ్లు ఆరు చెప్పారట. పైలట్ సంచి అని అడిగితే ఆయనకి అర్థం కాదు, "పొల్యూషన్ జేబున్నది" అనండి, దించి చూపిస్తాడు.